ఇంటర్వెల్ దాకా చూసిన రెండో భాగం

ఈ వేసవిలో నేను థియేటరుకు వెళ్ళింది ఒక్కసారే. అదీ ఒక భారీ యాక్షన్ సినిమా మూడో భాగానికి, ధర్మవరంలో మ్యాట్నీకి. పక్క సీట్లో ఓబులేసు. పట్టుచీరలు నేస్తాడు, నాకు పదేళ్ళకు పైగా స్నేహితుడు. ఇంటర్వెల్లో టీ కోసం బయటికి వస్తే, సెల్‌ఫోనుకు మైకు తగిలించుకున్న ఒక అమ్మాయి మాకు ఎదురొచ్చి నిలబడింది.

"అన్నా, సిన్మా ఎట్లుండాది? ఒక్క మాట చెప్పన్నా."

"ఇంకా సగం ఉండాది గదమ్మా" అన్నాడు ఓబులేసు.

"ఇంతవరకు ఎట్లుండాదో చెప్పు, చాలు."

"ఇంతవరకు అని నేను చెప్తా. ఆ మాట తీసేసి నువ్వు ఏస్తావు. అయిపోయినాక రా తల్లీ, ఈ టీ అంగడి కాడే ఉంటా."

ఆ అమ్మాయి నవ్వి, పక్కనున్న మనిషి ముందు మైకు పెట్టింది. ఓబులేసు నా వైపు చూడలేదు. టీ ఊదుకుంటూ నిలబడ్డాడు. మైకు ముందు అంత జాగ్రత్తగా మాట్లాడటం అతనికి నేర్పినవాణ్ణి నేనే. కాకపోతే, నేర్పిన పద్ధతి మంచిది కాదు.

విలేకరులుగా కొత్తగా చేరినవాళ్ళు అప్పుడప్పుడు మా ఇంటికి వస్తుంటారు. కరువు గురించి ఎలా రాయాలి, నాయకులతో ఎలా మసలుకోవాలి అని అడుగుతారు. ముప్ఫై ఏళ్ళకు పైగా ఒక దినపత్రిక అనంతపురం జిల్లా పేజీలకు పనిచేసినవాణ్ణి కాబట్టి వాటికి నా దగ్గర జవాబులు ఉన్నాయి. కానీ ఈ ఉద్యోగం గురించి నాకు బాగా తెలిసిన విషయం ఒక సినిమా కాలమ్ వల్ల తెలిసింది. దాని గురించి ఎవరూ అడగరు. అందుకే రాస్తున్నాను.

నాలుగో రోజు ప్రేక్షకుడు

మా జిల్లాలో వేసవి అంటే వార్తలకూ ఎండాకాలమే. చేలు ఖాళీగా పడి ఉంటాయి. వేరుశనగ విత్తడానికి ఇంకా వాన రావాలి. నీళ్ళ ట్యాంకర్లు, ఎండిన బోర్లు, కరెంటు కోతలు, మళ్ళీ ట్యాంకర్లు. ఇవే తిప్పి తిప్పి రాయాలి. సరిగ్గా అప్పుడే పెద్ద హీరోల సినిమాల రెండో భాగాలు వచ్చేవి. చేతిలో పని లేని జనానికి మూడు గంటలు చల్లగా కూర్చునే చోటు దొరికేది.

మా డెస్క్ ఇన్‌ఛార్జి భాస్కరరావు గారు కోస్తా నుంచి వచ్చిన మనిషి. వేసవి రెండు నెలలూ జిల్లా పేజీలో ఒక చిన్న శీర్షిక పెట్టించారు: "సామాన్యుడి సినిమా". సమీక్ష కాదు. ఒక మామూలు ప్రేక్షకుడు చూసి ఏమనుకున్నాడో అతని మాటల్లోనే, పేరూ ఊరూ ఫొటోతో సహా వేయాలి. ఆ పని నాకు పడింది.

"మొదటి రోజు వెళ్ళేవాడి అభిప్రాయం నాకు వద్దండీ" అనేవారాయన. "వాడు అభిప్రాయం ఇంట్లోనే తయారుచేసుకుని వస్తాడు. నాలుగో రోజు సొంత డబ్బుతో టికెట్ కొన్నవాణ్ణి పట్టుకోండి."

నా ఉద్యోగంలో నేను విన్న మంచి సలహాల్లో అదొకటి. నాలుగో రోజు థియేటరు దగ్గర ఈలలు ఉండవు, కాగితాలు చల్లడం ఉండదు. భార్యకు చెప్పి వచ్చినవాళ్ళు, ఆస్పత్రి పని ముగించుకుని వచ్చినవాళ్ళు, బస్సు టైము వరకు గడపాల్సినవాళ్ళు ఉంటారు. కణేకల్ నుంచి వచ్చిన ఒక వరి రైతు, హీరో ఎగరేసిన బండ్లన్నీ లెక్కపెట్టి, "ఒక్కదానికీ నంబరు ప్లేటు లేదు సామీ" అని నాకు ఫిర్యాదు చేశాడు. గుంతకల్లులో ఒక గూడ్సు రైలు గార్డు, ఇంటర్వెల్లో డ్యూటీకి పోయి, రెండో సగం పది రోజుల తర్వాత వచ్చి చూసేవాడు. "నాకు ప్రతి సిన్మా రెండు భాగాలే సార్" అనేవాడు. ఆ గార్డు నుంచి నేను నేర్చుకోవలసింది ఒకటుంది. రెండో సగం చూసేదాకా ఎంత అడిగినా అభిప్రాయం చెప్పేవాడు కాదు. అప్పట్లో అది నాకు తమాషాగా మాత్రమే కనిపించింది.

అతుకు చీరలోకి రాకూడదు

ఓబులేసు నాకు దొరికింది ధర్మవరంలో, ఒక రెండో భాగం పోస్టరు ముందు. చాలాసేపు పోస్టరు చూసి, టికెట్ కొనకుండా వెనక్కి తిరిగాడు.

"చూడవా?" అని అడిగాను.

"పడుగు అయిపోలేదన్నా. అయిపోయినాక వస్తా."

అతని పద్ధతి ఇదీ. మగ్గం మీద నిలువుగా ఉండే దారాలను పడుగు అంటారు. ఒక పడుగు మీద అతను మూడు చీరలు నేస్తాడు. మూడో చీర కోసిన తర్వాత, ఆ పాత పడుగు కొసలకు కొత్త పడుగు దారాలను ఒక్కొక్కటే మెలిపెట్టి అతకాలి. వేల దారాలు. అతికేవాళ్ళు వేరే ఉంటారు, వాళ్ళకు దాదాపు ఒక రోజు పడుతుంది. ఆ రోజు ఓబులేసుకు మగ్గంలో పని లేదు. అది సినిమా రోజు. సినిమా ఎంత మంచిదని ఎవరు చెప్పినా, పడుగు అయిపోకుండా కదిలేవాడు కాదు.

చెప్పిన మాట ప్రకారం ఆరు రోజుల తర్వాత వచ్చాడు, చూశాడు, నాతో మాట్లాడాడు. ఇప్పటికీ రెండో భాగాల గురించి అంతకన్నా మంచి మాట నేను వినలేదు.

"రెండో భాగమంటే పడుగు అతికినట్లే గదన్నా. పాత దారానికే అతకల్ల, లేకుంటే మగ్గమే నడవదు. అట్లని అతుకు చీరలోకి రాకూడదు. ముడులున్న జానెడు నేసి పక్కకు కోసి పారేస్తాం. వీళ్ళేమో అరగంట సేపు అతుకే చూపిస్తాండారు. పోయినసారి ఏం జరిగింది, వాళ్ళ నాయన ఎట్ల సచ్చినాడు, అంతా మళ్ళీ. సచ్చినాడని మాకు తెల్దా?"

ఫైట్ల గురించి అడిగాను.

"మొదటి దాంట్లో పది మందిని కొట్టినాడు. దీంట్లో నూరు మందిని కొట్టినాడు. నాకు ఆ పది మందే బాగుండారు. వాళ్ళ మొగాలన్నా గుర్తుండాయి."

మాట మార్చకుండా వేశాను. జిల్లా అంతా చదివింది. ఆ తర్వాత నాలుగు వేసవుల పాటు, అతని పడుగు అయిపోయే రోజు కలిసొస్తే ధర్మవరం వెళ్ళేవాణ్ణి.

అతని మాటకు వాళ్ళ వీధిలో ఇంకో విలువ కూడా ఉందని నాకు మెల్లగా తెలిసింది. నేతగాళ్ళకు పట్టు ఇచ్చేది షావుకారు. కొత్త పట్టు వచ్చినప్పుడు, పోగు తెగుతుందనో రంగు దిగుతుందనో అనుమానం వస్తే దాన్ని ఓబులేసుకు చూపించేవారు. బాగుందంటే వీధి నేసేది, బాగోలేదంటే షావుకారు వెనక్కి తీసుకునేవాడు. ఇదెక్కడా రాసి లేదు. వాళ్ళ నాయన కూడా అదే పని చేసేవాడట. దానికి జీతం లేదు, పేరు లేదు. అటు షావుకారు, ఇటు వీధి నమ్మే నోరు ఒకటి ఉండాలి, అంతే.

రాప్తాడుకు టైమైంది

ఐదో వేసవిలో మరో పెద్ద రెండో భాగం వచ్చింది. ఐదో రోజు, సోమవారం, ఓబులేసు పడుగు అయిపోయింది. ఇద్దరం మ్యాట్నీకి వెళ్ళాం. అదే సాయంత్రం ఐదున్నరకు రాప్తాడు దగ్గర ఎండిపోయిన చీనీ, అంటే బత్తాయి, తోటలు చూడటానికి అధికారుల బృందం వస్తోంది. అది పెద్ద వార్త. సినిమా చూస్తే నిడివి ఎక్కువ. ఇంటర్వెల్ అయ్యేసరికే నాలుగు దాటింది.

"ఎట్లుంది ఓబులేసూ?"

"ఇంతవరకైతే బాగుండాదన్నా. అతుకు యాడా కనపడలే. మిగతాది చూసి చెప్తా, ఉంటావు గదా?"

"ఉండలేనప్పా. రాప్తాడుకు పోవాల."

"అట్లయితే ఇంతవరకే అని రాయి."

"అట్లే రాస్తాలే."

బండి స్టార్ట్ చేసి వెళ్ళిపోయాను. రాప్తాడు దగ్గర అధికారులు జీపులు దిగి, గట్టు మీద నిలబడి, రెండు చెట్లు చూశారు. "లోపలికి రాండి సార్, లోపల ఇంకా ఘోరంగా ఉండాది" అని రైతు బతిమాలుతూనే ఉన్నాడు. పావుగంటలో ఎక్కి వెళ్ళిపోయారు. నాకు కోపం వచ్చింది. తోట చూడకుండానే పోయారని గట్టిగా రాసి, ఫోన్లో డెస్క్‌కు చెప్పాను. అదే ఫోన్లో సినిమా కాలమ్ కూడా చెప్పాను. హెడ్డింగుకు ఒక మాట కావాలన్నారు. "'బాగుండాది, అతుకు యాడా కనపడలే' అని పెట్టండి" అన్నాను.

"ఇంతవరకు" అనే మాట నాకు గుర్తుంది. మరిచిపోలేదు. అది ఉంటే వాక్యం నీరసంగా అనిపించింది. మొదటి సగం ఇంత బాగుంటే రెండో సగం మాత్రం ఎక్కడికి పోతుందిలే అనుకున్నాను. తెలిసే తీసేశాను.

మరుసటి రోజు మూడో పేజీలో, చూడకుండా పోయిన అధికారుల మీద నా ఘాటైన వార్త. ఐదో పేజీలో, సగం సినిమాకు పూర్తి అభిప్రాయం చెప్పిన ఓబులేసు ఫొటో. రెండూ నేను రాసినవే. ఆ రెంటినీ కలిపి చూడాలని నాకు తట్టలేదు.

"నన్నడగొద్దన్నా"

ఓబులేసు ఫోను చేయలేదు. మూడు వారాల తర్వాత ఇంకో సినిమా కోసం వెళితే, మగ్గం గుంటలోంచి తల ఎత్తకుండానే అన్నాడు.

"నన్నడగొద్దన్నా. ఇంకెవరినన్నా చూసుకో."

"ఏమైంది?"

అడ్డదారం మోసుకుంటూ నాడె అటూ ఇటూ ఆడుతూనే ఉంది. జవాబు పక్కింటి అరుగు మీంచి వచ్చింది. నాగలక్ష్మక్క, అరవై దాటిన మనిషి, నాడెలో పెట్టే దారపు కండెలు చుడుతుంది. మోకాళ్ళ నొప్పి వల్ల ఏడాదికి ఒక్క సినిమాకే పోతుంది.

"ఏమైందా? నువ్వు రాస్తివి, మేము పోతిమి. వీధిలో పదునాలుగు మందిమి, ఓబులేసు చెప్పినాడు గదా అని. నేను ఇద్దరి భుజాలు పట్టుకొని మెట్లెక్కినానప్పా. తీరా చూస్తే అది అయిపోనే లేదు! హీరో కొండ మీద నిలబడినాడు, మిగతాది వచ్చే ఎండాకాలానికంట. లైట్లు ఏసినారు. నేను కూచోనే ఉండా, ఇంకా ఉంటాదేమో అని."

"అక్కా, అతను..."

"థియేటరోళ్ళు టికెట్లు ఉత్తగా ఇచ్చినారంట గదా ఇతనికి? బాగుండాదని చెప్పమని?"

"ఎవరన్నారు?"

"అందరూ అంటాండారు."

అప్పుడు ఓబులేసు నాడె ఆపాడు. "పోయిన వారం పట్టు వచ్చింది. నన్ను పిలవలేదు. పక్క వీధాయన్ని పిలిపించినారు" అన్నాడు. మళ్ళీ నేయడం మొదలుపెట్టాడు.

ఒక్క మాట తీసేస్తే ఏమవుతుందో నాకు అక్కడ, ఆ చప్పుడులో అర్థమైంది. సినిమాకు టికెట్ తీసుకుని అబద్ధం చెప్పినవాడు, రేపు షావుకారు దగ్గర ఏదో తీసుకుని పట్టు బాగుందని చెప్పడా? వీధి అడుగుతున్నది అదే. ప్రశ్న తప్పు కాదు. అడగాల్సింది అతన్ని కాదు, నన్ను.

"సవరణ వేయిస్తాను ఓబులేసూ."

"పేపర్లో ఏసేది నీ ఇష్టం. ముందు ఈడ చెప్పు. ఎల్లుండి పడుగు అతికేదానికి వస్తారు. అందరూ ఉంటారు."

ఆఫీసుకు వెళ్ళి భాస్కరరావు గారికి చెప్పాను. ఆయన కళ్ళజోడు తీసి నన్ను చూశారు.

"సినిమా బాగుందని రాసి, బాగోలేదని సవరణ వేస్తామా? నవ్వుతారండీ. మనమేమైనా బతికున్నవాణ్ణి పోయాడని రాశామా?"

నేను వాదించలేదు. ఆయన మంచి సంపాదకుడు. ట్యాంకర్ల సంఖ్య ఒకటి అటూ ఇటూ అయితే ఊరుకునేవారు కాదు. కానీ పేపర్లో చిన్న వార్తల తప్పులు చిన్నవే అవుతాయని ఆయన నమ్మేవారు. నేనూ నమ్మాను కాబట్టే ఇది జరిగింది. పెద్ద వార్తలో తప్పు రాస్తే నిలదీయడానికి పెద్దవాళ్ళు ఉంటారు. చిన్న వార్తలో ఉండేది ఓబులేసులే.

పడుగు అతికిన రోజు

మూడో రోజు వెళ్ళేసరికి మగ్గం ముందు ఇద్దరు కూర్చుని కొత్త దారాలు మెలిపెడుతున్నారు. వాళ్ళ చేతుల వేగం చూడటానికే చుట్టుపక్కలవాళ్ళు వస్తారు, కబుర్లు చెప్పుకుంటారు. ఆ రోజు కొంచెం ఎక్కువమందే వచ్చారు. ఓబులేసు మూలన గోడకు ఆనుకుని ఉన్నాడు.

ఎలా మొదలుపెట్టాలో ముందే అనుకుని వెళ్ళాను. అక్కడ నిలబడ్డాక అదేమీ రాలేదు.

"ఆ రోజు నేను ఓబులేసును అడిగింది ఇంటర్వెల్లో. ఇంతవరకు బాగుందన్నాడు. ఇంతవరకే అని రాయమన్నాడు. రాస్తానని చెప్పి, నేనే తీసేశాను. టికెట్ ఎవరూ ఇవ్వలేదు. ఆ టికెట్ కొనుక్కున్నప్పుడు పక్కనే ఉన్నాను."

దారాలు అతికేవాళ్ళు కూడా ఒక క్షణం చేతులు ఆపారు.

"ఏమప్పా" అంది నాగలక్ష్మక్క, "సగం సిన్మా చూసి మొత్తం రాసేదానికా నీకు జీతమిచ్చేది?"

"అవునక్కా, తప్పే."

"నేను సగం కండె చుట్టి మొత్తం చుట్టినానని చెప్తే ఈ ఓబులేసు ఊరుకుంటాడా?"

ఎవరో నవ్వారు. ఆమె నవ్వలేదు. మూలకు తిరిగింది.

"సరే, ఇప్పుడన్నా చెప్పు. ఆ సిన్మా ఎట్లుండాది?"

ఓబులేసు నెమ్మదిగా చెప్పాడు. "సగం దాకా మేలు నేత అక్కా. ఆ మాట ఇప్పుడూ చెప్తా. ఆమీట కొంగు నేయకుండానే కోసి ఇచ్చినారు. మనం చీర నేసి, కొంగు వచ్చే ఏడాది ఇస్తాం, ఇప్పుడు కట్టుకో అంటే ఎవరన్నా ఊరుకుంటారా? ఈళ్ళు మాత్రం అంటాండారు, మనం పోతాండాం."

"అద్దీ మాట" అన్నాడు దారాలు అతుకుతున్న ఒకాయన, తల ఎత్తకుండా.

"రాసుకున్నావా?" అని నన్ను అడిగింది నాగలక్ష్మక్క. "కొసదాకా రాయి, ఈసారన్నా."

ఆ వారం కాలమ్ రాశాను. మొదటి వాక్యం: "ఇంతకుముందు ఈ శీర్షికలో ఓబులేసు మాటగా వచ్చినది ఇంటర్వెల్ వరకే, ఆ సంగతి దాచింది రాసినవాడు." తర్వాత కొంగు మాట, పూర్తిగా. భాస్కరరావు గారు రెండుసార్లు చదివారు. పెన్ను తీశారు, కొట్టేస్తారనుకున్నాను. "సవరణ అని హెడ్డింగ్ పెట్టకండి" అన్నారు. "మిగతాది ఉండనివ్వండి." అదే చేత్తో పేజీ పంపించేశారు.

రెండో భాగాల మీద నా సొంత అభిప్రాయం అడిగితే, ఓబులేసు మాటకు నేను కలిపేదేమీ లేదు. పాత దారానికి అతికితే తప్పు లేదు. కొంగు లేకుండా కోస్తేనే తప్పు. వార్తకూ అంతే అనుకుంటాను. ఆ తర్వాత ఎవరి మాట రాసుకున్నా, పక్కనే అది ఎప్పుడు చెప్పారో రాసుకునేవాణ్ణి: ఇంటర్వెల్లో, మీటింగుకు ముందు, ఆస్పత్రి గేటు బయట. ఆ అలవాటు ఉద్యోగం వదిలేదాకా పోలేదు. రిటైరైనప్పుడు సన్మానంలో ఎవరూ దాని గురించి మాట్లాడలేదు.

ఎరుపు పట్టు

కానీ వీధి అంత తొందరగా మారలేదు. ఆ నెలలో ఇంకోసారి పట్టు వచ్చింది, మళ్ళీ పక్క వీధాయన్నే పిలిచారు. ఓబులేసు నాకు ఫోన్లో ఆ సంగతి చెప్పి, వెంటనే వాన గురించి మాట్లాడాడు.

మొదటి వానలు పడ్డాక విత్తనాల వార్త కోసం ధర్మవరం వెళ్ళి, సాయంత్రం వాళ్ళింటి అరుగు మీద కూర్చున్నాను. నాగలక్ష్మక్క ఒక చేత్తో గోడ పట్టుకుని, ఇంకో చేత్తో ఎర్రటి పట్టుదారం చుట్ట, ఒక చిట్టం, తెచ్చింది.

"ఓబులేసూ, ఈ ఎరుపు చూడప్పా. వీధంతటికీ వచ్చిండాది. షావుకారి మనిషి ఆ మలుపులో నిలబడి ఉండాడు. నువ్వేం చెప్తే అదేనంట."

ఓబులేసు వెంటనే అందుకోలేదు. చేతులు పంచెకు తుడుచుకున్నాడు. తర్వాత చిట్టం తీసుకుని వెలుతురులోకి వెళ్ళి, ఒక పోగు లాగాడు, ఇంకో పోగు లాగాడు, వేలికి చుట్టి విప్పాడు. లోపల్నుంచి ఒక తెల్లగుడ్డ తెచ్చి, నీళ్ళలో తడిపి, కొంచెం పట్టు దాంట్లో మడిచి కిటికీలో పెట్టాడు.

"ఎట్లుండాది?"

"పోగు గట్టిగానే ఉండాది."

"అయితే బాగుండాదని ఆ మనిషికి చెప్పి పంపిస్తా."

"సగమే చూసినానక్కా. రంగు సంగతి తెల్లారితే గానీ తెల్దు. రేపు పొద్దున రమ్మను."

నాగలక్ష్మక్క నా వైపు తిరిగింది. "ఇన్నావా అప్పా?"

"విన్నానక్కా" అన్నాను. "నేనూ రేపే వస్తా."

మర్నాడు ఏడింటికల్లా వెళ్ళాను. గుడ్డ ఇంకా కిటికీలోనే మడత విప్పకుండా ఉంది. అరుగు మీద నాకు చోటు లేదు. అప్పటికే వీధిలో సగం మంది వచ్చి కూర్చుని ఉన్నారు.